మెట్ల మీద తీసిన ఫొటో

మా కంపెనీకి వస్తువులూ మనుషులూ సరఫరా చేసేవాళ్లు నా కంప్యూటర్ తెర మీద మూడు రంగుల్లో కనిపిస్తారు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఆ రంగులు వేసేది నేను. కుర్చీలు చేసేవాళ్లు చెక్క ఎక్కడి నుంచి తెస్తున్నారు, క్యాంటీన్ వాళ్లు వాడేసిన నూనె ఎక్కడ పారబోస్తున్నారు, క్యాబ్ డ్రైవర్లకు నిద్ర చాలుతోందా, ఇలాంటివి అడగడం నా పని. వందకు పైగా ప్రశ్నలుంటాయి. జవాబులు సప్లయర్లే రాసి పంపుతారు. అందరూ అన్నిటికీ అవుననే రాస్తారు. పర్యావరణం మీద శ్రద్ధ ఉందా? అవును. పనివాళ్లను గౌరవంగా చూస్తారా? అవును. అవునన్నందుకు రుజువు జతచేయమంటాం. రుజువంటే ఒక పీడీఎఫ్. అది ఉంటే ఆకుపచ్చ.

మొదటి ఏడాది కోపంతో పనిచేశాను. ఒక్కో పీడీఎఫ్ తెరిచి అక్షరం అక్షరం చదివేదాన్ని, అబద్ధం కనిపిస్తే మా మేనేజర్ దగ్గరికి పరుగెత్తేదాన్ని. తర్వాత ఆ కోపం ఎటో పోయింది. పళ్ల డాక్టరు ఇంజక్షన్ ఇచ్చాక దవడ ఉంటుంది కానీ మనది కానట్టు ఉంటుంది చూడండి, నేను మొత్తంగా అలా అయిపోయాను. పొద్దున్నే మియాపూర్‌లో క్యాబ్ ఎక్కి, కొండాపూర్ ట్రాఫిక్‌లో కళ్లు మూసుకుని, ఆఫీసులో రంగులు వేసి, సాయంత్రం అదే ట్రాఫిక్‌లో మళ్లీ కళ్లు మూసుకునేదాన్ని. బాధగా ఉందా అని ఎవరైనా అడిగితే లేదనే చెప్పేదాన్ని. అబద్ధం కాదు. నిజంగానే ఏమీ ఉండేది కాదు.

ఆ ఏడాది మా మేనేజర్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఆయనది మా గోదావరి వైపే, మర్యాదస్తుడు. "ఎక్కడెక్కడి ఫ్యాక్టరీలనో చూసొస్తున్నాం కానండి, మన కప్పు కింద పనిచేసే సప్లయర్‌ని ఎప్పుడైనా చూశామా?" అన్నాడు. ఆయన అన్నది మా ఆఫీసు ఊడ్చి తుడిచే హౌస్‌కీపింగ్ కాంట్రాక్టర్ గురించి. కాగితం మీద ఆ కాంట్రాక్టర్ ఎప్పుడూ ఆకుపచ్చే. సరే, చూస్తానన్నాను.

ఇలాంటి తనిఖీకి ఒక పద్ధతి ఉంది. హాజరు పట్టీ తెరిచి, కళ్లు మూసుకుని వేలు పెట్టినట్టు కొందరిని ఎంచుకోవాలి. వాళ్లతో ఒంటరిగా మాట్లాడాలి, సూపర్‌వైజర్ చుట్టుపక్కల ఉండకూడదు. వాళ్లు చెప్పింది రాయాలి, పేర్లు మాత్రం రాయకూడదు. నా వేలు పడిన వాళ్లలో మా ఆరో అంతస్తు తుడిచే ఆవిడ ఒకరు. రోజూ నా కుర్చీ కింద తుడవడానికి "జర కాళ్లు మీదికి, మేడం" అనే ఆవిడే. అప్పటిదాకా మా ఇద్దరి మధ్య నడిచిన సంభాషణ అంతే.

గాజు గోడల మీటింగ్ గదిలో మూడుసార్లు చెబితే గానీ ఆవిడ కూర్చోలేదు. నలభై దాటి ఉంటాయి. పుప్పాలగూడలో పుట్టి, పుప్పాలగూడలోనే మెట్టిన మనిషి. నేను ఏది అడిగినా "మంచిగనే ఉంది మేడం" అంటోంది. టిక్కులు పెట్టుకుంటూ పోతున్నాను. చివరికి భోజనం ప్రశ్న వచ్చింది.

"మధ్యాహ్నం అన్నం ఎక్కడ తింటారు?"

"తింటం మేడం."

"తింటారు సరే, ఎక్కడ?"

ఆవిడ గాజు గోడల్లోంచి బయటికి చూసింది. "మీకు జెప్తె మా సూపర్‌వైజర్ సారుకు ఎర్కయితదా?"

"కాదు. మీ పేరు ఎక్కడా రాయను. మీ పేరు నా నోటి నుంచి ఎవరికీ వెళ్లదు. భయం లేకుండా చెప్పండి."

ఈ మాటలు నేను చాలామందితో అన్నాను. శిక్షణలో నేర్పిన మాటలవి. ఆవిడ మాత్రం వాటిని మాటిచ్చినట్టుగా తీసుకుంది. మర్నాడు భోజనాల వేళ నన్ను బేస్‌మెంట్‌కి తీసుకెళ్లింది.

కాంట్రాక్టర్ పంపిన కాగితంలో "సిబ్బందికి విశ్రాంతి గది: ఉంది" అని ఉంది, గది ఫొటో కూడా ఉంది. ఆ గది నిండా ఇప్పుడు కొత్త మానిటర్ల అట్టపెట్టెలు. అవి వచ్చి ఏడాది దాటిందట. పై క్యాంటీన్‌లో వీళ్లను కూర్చోనివ్వరు. అలాంటి నియమం ఎక్కడా రాసి లేదు, కానీ ఎవరూ కూర్చోరు. అందుకని అగ్నిప్రమాదం జరిగితే దిగడానికి కట్టిన మెట్ల దారిలో, రెండు బేస్‌మెంట్ల మధ్య మలుపు దగ్గర, వంతులవారీగా తింటున్నారు. గోడ అవతల జనరేటర్. డీజిలు వాసన గొంతులోకి దిగుతోంది. ఆవిడ అలవాటైన మెట్టు మీద కూర్చుని స్టీలు డబ్బా తెరిచింది. అన్నం, టమాటా పప్పు, ఓ మూల మామిడికాయ తొక్కు.

నేను ఫోను తీయగానే ఆవిడ డబ్బా మూసేసింది. అన్నం ఫొటో తీస్తే ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది. "మూత తీసి పక్కన పెట్టండమ్మా, తింటున్నట్టు కనపడాలి," అన్నాను. నిజమే మరి, ఊరికే మెట్ల మీద కూర్చున్న మనిషి ఫొటో రుజువు కాదు. ఆవిడ మూత తీసి పక్క మెట్టు మీద బోర్లించింది. నాలుగు ఫొటోలు తీశాను. ఫొటో తీయడానికి ఒప్పుకున్నట్టు ఆవిడ సంతకం కావాలి, ఆ కాగితం పైన నా సొరుగులో ఉంది, రెండింటికి నాకు మీటింగ్ ఉంది. "ఒక్క సంతకం పెట్టి వెళ్దురుగాని రండి," అన్నాను. డబ్బా మూసి చంకన పెట్టుకుని నా వెనకే మెట్లెక్కింది.

ఫొటోలో ముఖం మసక చేశాను. చాలదనిపించి మెడలో ఉన్న గుర్తింపు కార్డు మసక చేశాను. చేతి మీది పచ్చబొట్టును కూడా అలాగే చేశాను. పని పక్కాగా చేస్తానని ఆఫీసులో నాకు పేరు. ఆ నీలం యూనిఫాంలో ముఖం లేని ఒళ్లు ఎవరిదైనా ఒకటే. తృప్తిగా మేం రంగులు వేసే పోర్టల్‌లో ఎక్కించి పసుపు రంగు వేశాను. ఎక్కించిన ఫొటో వెంటనే కాంట్రాక్టర్‌కి కూడా కనిపిస్తుంది. ఎందుకలా జరిగింది, ఏం సరిదిద్దారు అన్నది వాళ్లు రాసి పంపాలి.

వారం తిరగకుండానే జవాబు వచ్చింది. మెట్ల దారిలో ఎవరూ కూర్చోకుండా తలుపుకు అలారం బిగించాం. సిబ్బందికి అవగాహన కల్పించాం. నిబంధన ఉల్లంఘించిన ఉద్యోగిని విధుల నుంచి తప్పించాం. మూడు వాక్యాలు, రెండు పీడీఎఫ్‌లు. మూడో వాక్యం కూడా నేను చదివాను. చదవడమంటే, నా కళ్లు దాని చివరిదాకా వెళ్లాయి. వెళ్లి, ఆకుపచ్చ నొక్కాను. ఇది రాస్తున్నప్పుడు చెయ్యి ఆగుతోంది గానీ ఆ రోజు ఆగలేదు.

ఆ వాక్యం చదివాక కూడా ఆరో అంతస్తులో ఆవిడ కనిపిస్తూనే ఉంది. కాబట్టి తీసేసింది ఈవిడను కాదులే అనుకున్నాను. మరి ఎవరిని అన్న ప్రశ్న నాకు రాలేదు.

రెండు రోజులకు ఆడవాళ్ల రెస్ట్‌రూమ్‌లో చేతులు కడుక్కుంటుంటే ఆవిడ తలుపు మూసి, బకెట్ అడ్డం పెట్టింది.

"మేడం, మీరు తీసిన ఫొటోల ఉన్నదెవరు?"

"మీరే కదా."

"మరి మా వదినెను ఎందుకు తీసేసిండ్రు?"

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. వదినంటే ఆవిడ అన్న భార్య. మూడో అంతస్తులో పనిచేసేది. ఈ బిల్డింగ్ తెరిచిన నాటి నుంచీ ఉంది, ఆడపడుచుని ఈ పనిలో పెట్టించింది కూడా ఆవిడే. సూపర్‌వైజర్ ఆ వదినను పిలిచి, ఫొటోని తెర నిండా పెద్దది చేసి, డబ్బా మూత చూపించాడు. ఇది నీ పేరే కదా అన్నాడు.

నేను అక్కడే నిలబడి ఫోన్లో ఆ ఫొటో తెరిచాను. వేళ్లతో పెద్దది చేశాను. బోర్లించిన మూత మీద చుక్కలు చుక్కలుగా ఒక పేరు, ఇంటిపేరుతో సహా.

ఇది తెలియనిది కాదు. మా వైపూ అంతే, ఇక్కడా అంతే. శుభకార్యానికి స్టీలు సామాను ఇచ్చేవాళ్లు కొట్లోనే దాని మీద పేరు కొట్టించి మరీ ఇస్తారు. కొట్టించేది తీసుకునేవాళ్ల పేరు కాదు, ఇచ్చేవాళ్ల పేరు. ఎవరేం పెట్టారో కలకాలం గుర్తుండాలి కదా. మా అమ్మ వంటింట్లో సగం గిన్నెల మీద మేం ముఖం కూడా చూడని చుట్టాల పేర్లుండేవి. ఆ ఫొటోలో ముఖం మసక చేస్తూ నేను తిన్న డబ్బా మీద మా మేనత్త పేరుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పేర్లు కాబట్టి వాటిని చదవడం ఎప్పుడో మానేశాను. పరాయి దేశం వాడెవడైనా ఆ ఫొటో చూసి ఉంటే, ఈ రాత ఏమిటని ఠక్కున అడిగేవాడు.

"మా పెద్దబిడ్డ పుట్టెంటికలు తీసినప్పుడు మా వదినె పెట్టిన డబ్బ మేడం అది," అంది ఆవిడ. "సారు అడిగితే, అది నాది కాదు, మా ఆడిబిడ్డకు ఇచ్చిన అని ఒక్క మాట అనలే. అవ్ సార్, నాదే, నేనే తిన్న అన్నదట. మా అన్న నడుం పడిపోయి మంచంల ఉన్నడు. ఆ ఇంట్ల కష్టం జేసేది గామె ఒక్కతే. నాకు మొఖం చెల్లుతలేదు మేడం. మీరు గామె పని గామెకు ఇప్పియ్యండ్రి. నా పేరు జెప్పినా మంచిదే."

ఆవిడ ఏడవలేదు. నేనూ ఏడవలేదు. చేతులు తుడుచుకుని, చూస్తానని చెప్పాను. ఆవిడకు ఇద్దరు ఆడపిల్లలని నాకు తెలుసు, ఇంటర్వ్యూలో చెప్పింది. ఆవిడ పేరు చెబితే వదిన పని వదినకు రావచ్చు, ఈవిడ పని పోతుంది. చెప్పకపోతే ఇప్పుడున్నట్టే ఉంటుంది. నా కుర్చీలో కూర్చుని ఈ రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూశాను. లోపల ఎక్కడా ఏమీ కదల్లేదు. అదే నన్ను భయపెట్టింది.

కాంట్రాక్టర్ మనిషికి ఫోన్ చేశాను. ఫొటోలో ఉన్నది మీరు తీసేసిన ఆవిడ కాదన్నాను. అతను చాలా మర్యాదగా మాట్లాడాడు. "అరే మేడం, మీరు తప్పని రాసిండ్రు, మేం దిద్దుకున్నం. గామె కాదంటరా? పర్వాలే. మరి ఎవరో చెప్పండ్రి, రికార్డు కరెక్ట్ చేస్కుంటం. మీరేం పరేషాన్ గాకండ్రి." నేను మళ్లీ చేస్తానని పెట్టేశాను.

మా మేనేజర్ అంతా విన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. "ఇది కక్షసాధింపేనండి, డౌటే లేదు. ఆ మాట మనం రాస్తే కాంట్రాక్ట్ దాకా వెళ్తుంది. కానీ రాయాలంటే రుజువుండాలి కదండి. ఆవిడే నేనని ఒప్పేసుకుంది. ఫొటోలో ఉన్నది నేను కాదు, నన్ను అన్యాయంగా తీసేశారు అని ఆవిడ చేత ఒక ఉత్తరం రాయించుకు రండి. మిగతాది నేను చూసుకుంటాను."

శనివారం మధ్యాహ్నం పుప్పాలగూడ వెళ్లాను. పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల ప్రహరీ గోడల వెనక పాత ఊరి ఇళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. అందులో ఒకటి వాళ్లది. వదిన వాకిట్లో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. జుట్టు సగం నెరిసింది. లోపల మంచం మీద ఆవిడ భర్త పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. నేను ఆఫీసు నుంచి వచ్చానని చెప్పగానే ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఇంట్లో ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. తను మళ్లీ నేల మీదే కూర్చుంది.

ఫొటో తీసింది నేనేనని చెప్పాను. ఉత్తరం సంగతి చెప్పాను. తెల్లకాగితం, పెన్ను తీశాను.

"ఏమని రాయాలె?"

"ఫొటోలో ఉన్నది మీరు కాదని."

"మరి ఎవలని అడుగుతరు గదా."

"అడక్కుండా మేం చూస్తాం."

"మీరు జూస్తరా," అంది. అందులో ఎగతాళి లేదు, అదే కష్టంగా ఉంది. "గిప్పటిదాంక గూడ మీరే జూసిండ్రు గద బిడ్డా."

ఆవిడ ఒక పిక్క తీసి పక్కన వేసింది.

"నా మొగడు పడ్డడు, నేను జూస్కుంటున్న. దాని పిల్లలు సదువుతున్నరు. నేను ఇంకో కాడ ఊడ్చుకుంట. గీ వయసుల కొత్తగ ఎవలు పెట్టుకుంటరో తెల్వది, అయినా జూస్త. అది మాత్రం ఆడ్నే ఉండాలె. గీ కాయిదం నాకొద్దు."

ఆ తర్వాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను, పెద్దగా ఏమీ జరగలేదు కాబట్టి. సోమవారం ఆకుపచ్చను ఎరుపుగా మార్చాను. రుజువు జతచేయమని పోర్టల్ అడిగింది. నా దగ్గర లేదు. రుజువు లేని రంగు గడువు దాటగానే దానంతటదే పాత రంగులోకి వెళ్లిపోయింది. మా మేనేజర్ పట్టుబట్టి అట్టపెట్టెల గదిని ఖాళీ చేయించాడు, ఇప్పుడు అందులో బెంచీలున్నాయి. ఆరో అంతస్తు ఆవిడ అక్కడే తింటోందనుకుంటాను. నా కుర్చీ కిందికి వచ్చినప్పుడు కాళ్లు ఎత్తమని అడగడం లేదు. నేను లేచి వెళ్లిన తర్వాత తుడుస్తోంది. వదినకు మణికొండలో ఒక అపార్ట్‌మెంట్‌లో మెట్లు కడిగే పని దొరికిందని, మోకాళ్లు పట్టేసి నెలకే మానేసిందని తర్వాత ఎవరో చెప్పారు. మా బిల్డింగ్‌లోకి ఆవిడ మళ్లీ రాలేదు.

ఆ శనివారం నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకుని కుర్చీలోంచి లేచాను. చెప్పులు తొడుక్కుంటుంటే వదిన వెనక నుంచి పిలిచింది.

"ఒక్కటి అడుగుత చెప్తవా?"

"చెప్పండి."

"నువ్వు ఫొటో తీసినంక అది అన్నం తిన్నదా?"

నేను వెనక్కి తిరిగాను.

"అది తెల్లారగట్ల లేసి వండుకుంటది. మద్యాన్నం గదొక్కటే తింటది, మల్ల పొద్దుమూకి ఇంటికొచ్చేదాంక నోట్ల ఏం ఏసుకోదు. గా దినం తిన్నవా అంటె చెప్తలేదు. నువ్వు ఆడ్నే ఉన్నవు గదా. తిన్నదా?"

ఆ రోజు ఆరో అంతస్తు ఆవిడతో మాట్లాడినదంతా నేను రాసుకున్నాను. మెట్ల వెడల్పు రాసుకున్నాను, జనరేటర్ ఎంత దూరమో రాసుకున్నాను. ఇది మాత్రం ఎక్కడా రాసుకోలేదు. కానీ గుర్తుంది. మూత పక్కన పెట్టమన్నది నేను. నాలుగు ఫొటోలూ అయ్యేదాకా ఆవిడ చెయ్యి అన్నం మీద అలాగే ఆగి ఉంది. ఒక్క ముద్ద కూడా కలపలేదు. డబ్బా మూసి నా వెనకే మెట్లెక్కింది, ఎందుకంటే నాకు రెండింటికి మీటింగ్ ఉంది. సంతకం పెట్టేసరికి వాళ్ల భోజనాల వేళ అయిపోయింది.

"తినలేదు," అన్నాను.

ఏడుపు వచ్చేసింది. ఎన్నాళ్ల తర్వాతో తెలియదు, వాళ్ల వాకిట్లో నిలబడి, ఒక చెప్పు తొడుక్కుని ఒక చెప్పు తొడుక్కోకుండా ఏడ్చాను. వదిన నన్ను తిట్టలేదు, ఊరుకోమని కూడా అనలేదు.

"గదే అడుగుదామనుకున్న," అని మళ్లీ చింతపండు ముందుకు లాక్కుంది.